రెండు వేలలో వైర్డు ఇయర్‌ఫోన్లు: ధరకి మించి పలికేవి ఏమున్నాయి?

గోదారిగట్టు
నమస్తే అందరికీ. వైర్డు ఇయర్‌ఫోన్లు కొందామని చూస్తున్నా, రెండు వేలు దాటకూడదు. రాజమండ్రి నుంచి సికింద్రాబాద్‌కి రైల్లో తరచూ వెళ్ళొస్తుంటా, పాటలు వినేది ఎక్కువగా అక్కడే. ఇళయరాజా, ఘంటసాల, అప్పుడప్పుడు కచేరీలు. షాపులో ఏది పెట్టి చూపించినా ఢమఢమలే తప్ప గొంతు తేటగా రావట్లేదు. ఫోన్‌కి గుండ్రటి జాక్ లేదు, టైప్-సీ ఒక్కటే. బ్లూటూత్ వద్దు. రోజూ ఛార్జింగ్ పెట్టాల్సిన వస్తువులు ఇంట్లో ఇప్పటికే ఎక్కువైపోయాయి. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

రాత్రిబండి
ఈ రోజుల్లో వైరేంటి గురూ. పదిహేను వందలు పెడితే నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్న బడ్స్ వస్తున్నాయి. వైర్లు చిక్కు తీసుకునే ఓపిక ఎవరికుంది?

ఓమ్స్‌లా
ఆయన వద్దన్నదే మళ్ళీ చెప్తారేంటండీ.

గోదారిగట్టు గారూ, మీ బడ్జెట్‌లో ఇప్పుడు దొరుకుతున్నవి అయిదారేళ్ళ కింద ఎవరూ ఊహించలేదు. మూడు పేర్లు చెప్తాను: మూన్‌డ్రాప్ చూ 2, టాంగ్‌జూ వాన్‌ఎర్, సెవెన్‌హెర్ట్జ్ జీరో 2. మూడూ చైనా కంపెనీలవే. మూడింటిలోనూ లోపలుండేది ఒకే ఒక్క 10 ఎంఎం డైనమిక్ డ్రైవరు, అంటే శబ్దం పుట్టించే బుల్లి స్పీకరు. ఆఫర్‌ని బట్టి వందో రెండొందలో అటూ ఇటూ అవుతాయి కానీ మీ లెక్కలోనే ఉంటాయి. చూ 2 చాలా తేటగా పలుకుతుంది, తాళాలూ సింబల్సూ కాస్త మెరుస్తాయి. వాన్‌ఎర్ మెత్తగా, నిండుగా ఉంటుంది, గొంతుకి బాగుంటుంది. జీరో 2లో బేస్ ఈ రెండిటికన్నా కాస్త ఎక్కువ, అయినా గొంతు మీదకి రాదు. మీరు వినేవాటికి నా ఓటు వాన్‌ఎర్‌కి.

షాపులో గొంతు తేటగా రాలేదన్నారు కదా, దానికి కారణం ఉంది. మన చెవి గొట్టం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. అందుకని అది 3 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని తనంతట తానే పెంచి వినిపిస్తుంది. మాటలో స్పష్టత చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఇయర్‌ఫోన్ దూర్చి గొట్టం మూసేశామంటే ఆ సహజమైన పెంపు చెడిపోతుంది. కాబట్టి ఆ లోటు ఇయర్‌ఫోనే పూడ్చాలి, అంటే 3 కిలోహెర్ట్జ్ దగ్గర కావాలనే కాస్త ఎత్తు పెట్టి తయారుచేయాలి. అది పెట్టకుండా కింద బేస్ మాత్రం పెంచితే మీరు షాపులో విన్నదే వస్తుంది. ఆ ఎత్తు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు, పెట్టాలన్న బుద్ధి ఉండాలి.

కొండారెడ్డిబురుజు
రెండు వేలకి ఇరవై వేల సౌండు వస్తుందంటే నమ్మబుద్ధి కాలేదప్పా. ప్రతి ఫోరంలోనూ ఇదే పాట. "జెయింట్ కిల్లర్" అంటారు, కొన్నాక చూస్తే మామూలుదే ఉంటుంది. అంత బాగుంటే పెద్ద కంపెనీలోళ్ళు ఇరవై వేలకి ఎట్లా అమ్ముకుంటారు?

ఓమ్స్‌లా
అన్నా, నేను ఇరవై వేల సౌండు అనలేదు. కానీ ధరకీ శబ్దానికీ లంకె అంత గట్టిది కాదని కొలిచి చూపించినవాళ్ళున్నారు. 2017లో అకౌస్టికల్ సొసైటీ ఆఫ్ అమెరికా పత్రికలో ఒక పేపరు వచ్చింది. 283 హెడ్‌ఫోన్ల ఫ్రీక్వెన్సీ రెస్పాన్సు (ఏ స్థాయి స్వరం ఎంత గట్టిగా పలుకుతుందో చూపే గ్రాఫు) తీసుకుని ధరలతో పోల్చారు. రెండిటికీ సంబంధమే కనబడలేదు. పేపరు పేరే ఆ మాట చెప్తుంది.

అంతకుముందే హార్మన్ కంపెనీలో షాన్ ఆలివ్ బృందం ఇంకో పని చేసింది. బ్రాండు కనబడకుండా జనానికి రకరకాల ట్యూనింగులు (బేస్, గొంతు, పైస్థాయి పాళ్ళు) వినిపించి, ఏది నచ్చిందో రాయించుకున్నారు. ఎక్కువమందికి నచ్చిన ఆకారాన్ని గీతగా గీశారు. దాన్నే హార్మన్ కర్వ్ అంటున్నాం. అది పేపర్లుగా బయటికొచ్చింది కాబట్టి ఎవరైనా చూసుకోవచ్చు. చైనాలో చిన్న కంపెనీలు చేసింది అదే. కొలిచే పరికరాలు అందుబాటు ధరకి వచ్చాయి, గురి పెట్టడానికి గీత దొరికింది. ఆ తరవాత పోటీ మొదలైంది.

మరి ఇరవై వేలు దేనికంటే, వేరే వాటికి. నాయిస్ క్యాన్సిలింగ్, తల మీద బరువు తెలియని కుషన్లు, విడిభాగాలు, సర్వీసు, పెట్టె మీద పేరు. శబ్దంలో తేడా అసలు లేదని నేను చెప్పను, ఉంటుంది. కానీ పదింతల డబ్బుకి పదింతలు మాత్రం ఉండదు.

కొండారెడ్డిబురుజు
పేపరు సంగతి సరే. కొలిచినది ఒకటి, విన్నది ఒకటి. ఒకే గ్రాఫు ఉన్న రెండు ఇయర్‌ఫోన్లు నా చెవికి వేరువేరుగా వినిపించినాయి. దానికేమంటావు?

ఓమ్స్‌లా
కొలిచేది కృత్రిమ చెవిలో. మీ చెవి గొట్టం దాని కొలతతో ఉండదు, ఇయర్‌ఫోన్ ఎంత లోపలికి దిగిందో కూడా తేడా. 8 కిలోహెర్ట్జ్ పైన గ్రాఫుని నేనూ గుడ్డిగా నమ్మను. కింద, మధ్యలో మాత్రం నమ్ముతాను.

కోఠీవాలా
అన్నలూ, గ్రాఫులు మీరు జూస్కోండ్రి, కొనేటప్పటి సంగతి నేను జెప్త. ఆన్‌లైన్ల ఎమ్మార్పీ 4,999 రాసి, కొట్టేసి, 599కి ఇస్తున్న అంటడు జూడు, అది 599 సరుకే. ఎనభై శాతం తగ్గింపు అని మురవకుండ్రి. ఇంకోటి, డబ్బా మీద 50 ఎంఎం డ్రైవర్, 14 ఎంఎం డ్రైవర్ అని పెద్దక్షరాలతోని రాస్తరు. సైజుకీ సౌండుకీ సంబంధం లేదు. పెద్దది పెడితే బేస్ ఎక్కువొస్తదని అమ్మేటోడు జెప్తడు, వాడికి అది అమ్ముడు పోవాలె గంతే.

మా హైదరాబాద్ గుజరాతీ గల్లీల, జగదీశ్ మార్కెట్ల పెద్ద కంపెనీల పేర్లతోని నకిలీలు కుప్పలు పోసి ఉంటయ్. డబ్బా అచ్చం ఒరిజినల్ లెక్కనే ఉంటది, హోలోగ్రామ్ గూడ ఉంటది. ఓపాలి ఒక దుకాణంల తీస్కున్న, రెండు నెలలకే ఒక చెవి పోయింది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పోతే ఆ సీరియల్ నంబరే లేదన్నరు. దుకాణపాయన మొఖం గూడ జూడలే. గందుకే ఈ చైనా ఐఈఎంలు (చెవిల దూరే ఇయర్‌ఫోన్లు) అమ్మే పెద్ద ఆన్‌లైన్ షాపుల బిల్లుతోని తీస్కోండ్రి. చెన్నైల హెడ్‌ఫోన్ జోన్ ఉన్నది, వేరేటివీ ఉన్నయ్. అలీఎక్స్‌ప్రెస్ అయితే 2020 నవంబర్ల మన దేశంల బంద్ అయింది గదా, ఆ తొవ్వ లేదిప్పుడు.

గోదారిగట్టు
థాంక్స్ అన్నా. రాజమండ్రిలో ఈ పేర్లు చెప్తే షాపువాళ్ళు నన్నే వింతగా చూశారు. ఆన్‌లైన్ తప్ప దారి లేదు.

డల్లాస్‌బాబాయి
అబ్బాయిలూ, చెవిలో దూర్చుకునేవే హెడ్‌ఫోన్లు కాదర్రా. నాకు చెవిలో ఏదైనా పెడితే అరగంటకే దురద. నేను వాడేది కాస్ కేఎస్‌సీ75. ఇరవై డాలర్లు. చెవికి కొక్కెంలా తగిలించుకోవాలి. చూడ్డానికి టెలిఫోన్ ఆపరేటర్ల దగ్గర్నుంచి ఎత్తుకొచ్చినట్టుంటుంది, మా ఆవిడ అది పెట్టుకుని బయటికి రావద్దంటుంది. కానీ గొంతు! ఘంటసాల పద్యం అందుకుంటే ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది.

కాస్ వాళ్ళది పాత కంపెనీ, ఇక్కడ అమెరికాలో మిల్వాకీలో. 1958లో స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చింది జాన్ కాస్. వాళ్ళదే పోర్టా ప్రో అని ఇంకోటి ఉంది, మడత పెట్టుకునేది. 1984లో వచ్చింది, వాక్‌మన్ల కాలం. ఈ నాటికీ దాదాపు అదే రూపంతో తయారుచేస్తున్నారు. ఇక్కడైతే లైఫ్‌టైమ్ వారంటీ ఇస్తారు. మన దేశంలో పోర్టా ప్రో దొరుకుతుంది కానీ మీ రెండు వేలు దాటుతుందనుకుంటా, చూసుకోండి.

ఓమ్స్‌లా
బాబాయ్, శబ్దం విషయంలో మీతో పేచీ లేదు, నా దగ్గరా పోర్టా ప్రో ఉంది. కానీ ఆయన వినేది రైల్లో. ఇవి వెనక తెరిచి ఉండేవి. బయటి మోతంతా లోపలికి వస్తుంది, ఈయన పాట పై బెర్తువాళ్ళకీ వినిపిస్తుంది.

డల్లాస్‌బాబాయి
ఘంటసాల పాటైతే పై బెర్తాయన కిందకి దిగొచ్చి కూర్చుంటాడు. అదీ మంచిదే.

మేళకర్త72
ఈ చర్చ బాగుంది, నేనూ ఒక మాట కలుపుతాను. నేను వీణ వాయిస్తాను, పిల్లలకి నేర్పుతాను. ఇయర్‌ఫోన్ చేతికొస్తే ముందు పాట పెట్టను, తంబూరా శ్రుతి ఒక్కటే పెట్టి వింటాను. తంబూరాలో గుర్రం మీద తీగ కింద సన్నటి దారం దూరుస్తారు, జీవాళి అంటాం. అది సరిగ్గా కుదిరితే తీగ మీటిన క్షణంలో కాదు, ఆ తరవాత మెల్లగా జుమ్మనే ధ్వని పైకి లేచి విచ్చుకుంటుంది. బేస్ పెంచిన ఇయర్‌ఫోన్‌లో ఆ విచ్చుకోవడమే ఉండదు, కింద షడ్జమం మాత్రం బుంగలా మోగుతుంది. పైస్థాయి మరీ పెంచిన దాంట్లోనేమో జుమ్ముకి బదులు జిస్ అని గీరుతుంది. రెండూ కాకుండా వచ్చిందంటే అప్పుడు వీణ పెడతాను.

వీణలో వినాల్సింది స్వరం కాదు, మెట్టు మీద తీగ పక్కకి లాగినప్పుడు వేలు రాసుకునే చిన్న శబ్దం. ఆ తరవాత మృదంగం. ఎడమ వైపు తొప్పి మీద గుమ్కీ ఇస్తే ఆ నాదం ఒక్క చోట నిలబడదు, కింద నుంచి పైకి జారుతుంది. నా దగ్గరున్న పాత ఇయర్‌ఫోన్‌లో ఏ దెబ్బైనా ఒకటే "ధబ్". వాన్‌ఎర్‌లో ఆ జారడం వినబడింది. మా అబ్బాయి ఎనిమిది వేలు పెట్టి కొన్న బ్లూటూత్ వాటిలో ఇంత స్పష్టంగా లేదు. వాడికి చెప్తే ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

కొండారెడ్డిబురుజు
అక్కా, గ్రాఫు కంటే మీరు చెప్పిందే నాకు బాగా ఎక్కింది. తంబూరా పెట్టి చూస్తా.

గోదారిగట్టు
వాన్‌ఎర్ ఆర్డర్ పెట్టేశా. టైప్-సీ సంగతి చెప్పలేదెవరూ. కనెక్టరు ఏది కొనాలి? మా ఊళ్ళో మొబైల్ షాపులో వంద రూపాయలకి ఒకటి ఇచ్చాడు, ఫోన్‌కి పెడితే ఉలుకూ పలుకూ లేదు.

ఓమ్స్‌లా
అది మామూలే. టైప్-సీ కనెక్టర్లు రెండు రకాలు. ఒకదానిలో లోపల ఏమీ ఉండదు, వైరు మాత్రం అటు నుంచి ఇటు కలుపుతారు. ఫోనే శబ్దాన్ని అనలాగ్‌గా మార్చి ఆ రంధ్రంలోంచి పంపితేనే పనిచేస్తుంది. చాలా ఫోన్లు పంపవు. రెండో దానిలో చిన్న చిప్పు ఉంటుంది, డాక్ అంటాం. డిజిటల్ నుంచి అనలాగ్‌కి మార్చే పని అదే చూసుకుంటుంది. కొనేటప్పుడు "డాక్ ఉందా" అని అడగండి, షాపాయన తెల్లమొహం వేస్తే అది మొదటి రకమే.

ఆపిల్ వాళ్ళ టైప్-సీ కనెక్టరు చిన్నదైనా మంచి డాక్. వెయ్యి లోపే. ల్యాప్‌టాప్‌కీ, 15 నుంచి పైన ఐఫోన్లకీ దివ్యంగా ఉంటుంది. ఆండ్రాయిడ్‌తో ఒక తిరకాసు ఉంది. చాలా ఫోన్లలో వాల్యూమ్ పూర్తిగా పెంచినా సగం శబ్దమే వస్తుంది, దాని లోపలున్న వాల్యూమ్‌ని ఆండ్రాయిడ్ పైకి తీసుకెళ్ళదు. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్‌లో వింటే ఆ బాధ ఉండదు కానీ యూట్యూబ్‌కి అది కుదరదు. మీది ఆండ్రాయిడ్ అయితే సామ్‌సంగ్ వాళ్ళ కనెక్టరు చూడండి, దానిలోనూ డాక్ ఉంటుంది.

రాత్రిబండి
రెండు వేల ఇయర్‌ఫోన్, పైన ఇంకో వెయ్యి కనెక్టరు. చెప్పానా, బ్లూటూత్ కొనుక్కోమని.

కోఠీవాలా
నీ బడ్స్ బ్యాటరీ రెండేండ్లకు సచ్చిపోతది అన్నా. గింతంత బ్యాటరీ, మార్చనీకి రాదు. వైరుది తెగితే వైరు మార్చుకుంటం. ఈ మూడింటికీ కేబుల్ ఊడదీసెటట్టు ఉంటది, 0.78 ఎంఎం రెండు పిన్నులది. మూడొందలకు కొత్త కేబుల్ దొరుకుతది.

రాత్రిబండి
సరే బాబూ. కానీ రైల్లో గడగడ ఉంది చూశారూ, అది నాయిస్ క్యాన్సిలింగ్‌తో పోయినంతగా వీటితో పోదు. ఆ మాట కూడా చెప్పండి ఆయనకి.

ఓమ్స్‌లా
ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. చెవిలో బిగుతుగా కూర్చునే ఇయర్‌ఫోన్ పిల్లల ఏడుపు, చాయ్‌వాలా కేక, పక్కవాళ్ళ కబుర్లు బాగా తగ్గిస్తుంది. చక్రాల కింద నుంచి వచ్చే లోతైన గడగడని అంతగా ఆపలేదు. నాయిస్ క్యాన్సిలింగ్ సరిగ్గా దానికి ఉల్టా, లోతైన మోతని బాగా తీసేస్తుంది, మాటలకి అంత పనిచేయదు. ఏది ఎక్కువ చికాకు పెడుతుందో చూసుకుని ఎంచుకోవాలి.

ఇంకో విషయం. మోత వినబడకూడదని వాల్యూమ్ పెంచుకుంటూ పోవద్దు. పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగమైపోతుంది. 83 దగ్గర 20 గంటలే అన్నమాట.

గోదారిగట్టు
వాన్‌ఎర్ వచ్చింది. సామ్‌సంగ్ కనెక్టరూ తెప్పించా. గొంతు నిజంగా తేటగా ఉంది, దానికి వంక లేదు. కానీ బేస్ అన్నదే లేదు! ఇళయరాజా పాటలో బేస్ గిటార్ ఎక్కడో దోమ పాడినట్టుంది. నాకు వచ్చిన పీసు తేడానా, లేక దీని పద్ధతే ఇంతా?

మేళకర్త72
టిప్పులు మార్చి చూశారా? పెట్టెలో వేరే సైజులవి ఇచ్చి ఉంటారు.

ఓమ్స్‌లా
ముందు అదే చూడండి. నూటికి తొంభై పాళ్ళు కారణం గాలి కారడమే. రబ్బరు టిప్పుకీ చెవి గోడకీ మధ్య వెంట్రుక వాసి సందున్నా కింది స్వరాలన్నీ దాంట్లోంచి వెళ్ళిపోతాయి, గొంతు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే మీకు గొంతు బాగుందీ బేస్ లేదూ అనిపిస్తోంది.

పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. వైరు కిందకి వేలాడకూడదు, చెవి మీదుగా వెనక్కి తిప్పి దించాలి. ఎదురు చేత్తో చెవి పై అంచుని పైకీ వెనక్కీ లాగి పట్టుకోండి. ఈ చేత్తో ఇయర్‌ఫోన్‌ని లోపలికి నెట్టి, తాళంచెవిలా కాస్త ముందుకి తిప్పండి. అప్పుడు చెవి వదిలేయండి. సరిగ్గా కూర్చుంటే మీ మాట మీకే కుండలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. అలా రాకపోతే సైజు మార్చాలి. రెండు చెవులకీ ఒకే సైజు పట్టాలన్న నియమమేమీ లేదు.

గోదారిగట్టు
అయ్య బాబోయ్. ఎడమ చెవికి పెద్దది, కుడి చెవికి మధ్యది పెట్టాక ఇది వేరే వస్తువైపోయింది. ఇళయరాజా బేస్ గిటార్ పాటకి తోడుగా వాయించట్లేదండీ, విడిగా ఇంకో పాట పాడుతోంది. ఇన్నేళ్ళూ ఇది వినకుండానే ఆ పాటలు నాకు కంఠతా వచ్చనుకున్నాను.

కోఠీవాలా
గదీ ముచ్చట! మస్తు ఖుషీ అయింది అన్నా.

డల్లాస్‌బాబాయి
మరి ఘంటసాల?

గోదారిగట్టు
బాబాయ్ గారూ, కొన్ని బాగున్నాయి. కొన్నింటిలో మాత్రం బుస్సుమనే చప్పుడు ఇదివరకటికన్నా ఎక్కువ వినిపిస్తోంది. అదేంటి?

ఓమ్స్‌లా
అది ఇయర్‌ఫోన్ దోషం కాదు, అందులో ఉన్నదే వినిపిస్తోంది. ఆ రికార్డింగులకే కాస్త బుస ఉంటుంది. పైగా యూట్యూబ్‌లో చాలా పాటలు ఎవరో క్యాసెట్ నుంచో, అరిగిన రికార్డు నుంచో ఎక్కించినవి. ఇదివరకు మీరు వాడిన వాటిలో పైస్థాయి లేకపోవడంతో బుస మరుగున పడింది. ఒకే పాటకి రెండు మూడు అప్‌లోడ్లు విని చూడండి, తేడా తెలుస్తుంది. కంపెనీ తరఫున స్ట్రీమింగ్‌లో పెట్టినవి సాధారణంగా నయం.

ఇంకో సంగతి, ఆ కాలం సినిమా పాటలు మోనో. రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం వెళ్తుంది, గొంతూ వాయిద్యాలూ అన్నీ తల మధ్యలోనే ఉంటాయి. కాబట్టి "సౌండ్‌స్టేజ్ (వాయిద్యాలు విడివిడి చోట్ల నుంచి వినిపించడం) విశాలంగా ఉంది" అని ఎవరైనా ఎక్కువ ధర చెప్తే, ఘంటసాల కోసమైతే ఆ డబ్బు దండగ.

కొండారెడ్డిబురుజు
నేను ఊరికే ఉండలేక చూ 2 తెప్పించినా. సౌండు బాగుంది, ఒప్పుకుంటా. కానీ నాదస్వరం పెడితే చెవిలో గుచ్చుతుంది. దీన్నేనా అందరూ పొగిడేది?

ఓమ్స్‌లా
చూ 2లో పైన కాస్త ఎక్కువని మొదటే చెప్పాను కదన్నా. నాదస్వరం, షెహనాయీ, ఆడవాళ్ళ తారస్థాయి దగ్గర కొందరికి అలా అనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ అని ఉచిత యాప్ ఉంది. అందులో ఆటోఈక్యూ జాబితా ఉంటుంది, మీ మోడల్ పేరు వెతికితే సరిదిద్దిన ఈక్వలైజర్ (ఏ స్థాయి స్వరాన్ని ఎంత పెంచాలో తగ్గించాలో చెప్పే అమరిక) దానంతటదే పడుతుంది. కంప్యూటర్‌లో అయితే ఈక్వలైజర్ ఏపీఓ. ఈ జాబితాలు చూడ్డం ఇష్టం లేకపోతే 5 కిలోహెర్ట్జ్ నుంచి పైన రెండు డెసిబెల్స్ తగ్గించి వినండి.

మేళకర్త72
ఈక్వలైజర్ పెడితే అసలు ధ్వని పాడవదా? మా గురువుగారు గ్రామఫోన్‌కి టోన్ బటన్ కూడా తాకనిచ్చేవారు కాదు.

ఓమ్స్‌లా
మేడం, కంపెనీవాడు ఆ డ్రైవరు ఎదురుగా చిన్న జాలీలూ, గాలి రంధ్రాలూ పెట్టి చేసింది ఈక్వలైజరే. వాడు లోహంతో చేశాడు, మనం సాఫ్ట్‌వేర్‌తో చేస్తాం. ఒక్కటే జాగ్రత్త. పెంచడం కన్నా తగ్గించడం మేలు. పెంచాల్సి వస్తే ముందు మొత్తం శబ్దాన్ని, ప్రీయాంప్ అంటారు, అంతే మేర తగ్గించాలి. లేకపోతే గట్టి స్వరాల దగ్గర చిటపటలు వస్తాయి.

మేళకర్త72
అయినా నాకు మనసొప్పదు. నచ్చకపోతే వేరేది కొనుక్కుంటాను.

ఓమ్స్‌లా
మీరు కొనుక్కోండి, మాకు అమ్మండి.

కోఠీవాలా
నాదో డౌట్ అన్నా. ఒక్కో చెవిల నాలుగు డ్రైవర్లు, ఆరు డ్రైవర్లు అని రెండు వేల లోపల్నే అమ్ముతున్నరు గదా. ఒక్కటే ఉన్నదాన్ని ఎందుకు చెప్తున్నరు? నాలుగుంటే మంచిది కాదా?

ఓమ్స్‌లా
నాలుగు డ్రైవర్లుంటే వాటి మధ్య పని పంచాలి. ఏ స్వరం ఎవరు పలకాలి, ఎక్కడ ఒకరు ఆగి ఇంకొకరు అందుకోవాలి అనేది క్రాసోవర్ పని. అది సరిగ్గా చేయడానికి ఖర్చవుతుంది. రెండు వేలలో నాలుగు డ్రైవర్లూ కొని క్రాసోవర్‌కి ఏం మిగులుతుంది? ఒకే డ్రైవరైతే ఆ గొడవే లేదు. పై ధరల్లో బాగా చేసినవి ఉన్నాయి. ట్రూత్‌ఇయర్ జీరో అని 2022లో వచ్చింది, క్రినాకిల్ అనే సింగపూర్ రివ్యూయర్ ట్యూనింగ్‌లో చెయ్యి వేశాడు, రెండు డైనమిక్ డ్రైవర్లు. అది బాగా కుదిరింది. కానీ చెవిలోకి దిగే దాని మూతి లావు, అందరి చెవుల్లో పట్టదు.

నిర్వాహకుడు
సెవెన్‌హెర్ట్జ్ జీరో, ట్రూత్‌ఇయర్ జీరో రెండూ వేరు. కలిపేసుకుని కొనొద్దు. కొనుగోలు లింకులు పెట్టిన పోస్టులు రెండు తీసేశాను. ధరలు అడగండి, చెప్పండి, కొంటే పెట్టినవాళ్ళకి కమీషన్ వచ్చే అఫిలియేట్ లింకులు మాత్రం వద్దు.

డల్లాస్‌బాబాయి
ఒక సలహా కావాలర్రా. ఊళ్ళో మా నాన్నగారికి డెబ్భై ఎనిమిది. పెద్ద శబ్దం పెడితే తప్ప వినబడట్లేదంటారు, పెట్టాక గోలగా ఉందంటారు. ఈ చెవిలో దూర్చేవి ఆయనకి పనికొస్తాయా?

మేళకర్త72
బాబాయ్ గారూ, వయసుతో ముందు పోయేవి పై స్వరాలే. అందుకే మాట చప్పుడుగా వినిపిస్తుంది కానీ ఏమన్నారో తెలియదు. మా మామగారిదీ అదే పరిస్థితి. ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించండి. కొన్నిసార్లు గుబిలి గట్టిపడి ఉంటుంది, తీయగానే సగం బాధ తగ్గుతుంది. ఇయర్‌ఫోన్ కొని మీరు శబ్దం పెంచుకుంటూ పోవద్దు.

డల్లాస్‌బాబాయి
మంచి మాట చెప్పావమ్మా. తమ్ముడికి ఇవాళే ఫోన్ చేస్తా.

చిట్టిచెవులు
ఈ థ్రెడ్ మొత్తం చదివాను. నాకు ఏ ఇయర్‌ఫోనైనా గంటకి నొప్పి పుడుతుంది, అన్నిటికన్నా చిన్న టిప్పు పెట్టినా. ఆన్‌లైన్ క్లాసులు చెప్తాను, కాబట్టి మైకు కూడా కావాలి. పై మూడిటిలో ఏది?

ఓమ్స్‌లా
మూడిటిలో ఇయర్‌ఫోన్ ఒళ్ళు చిన్నది చూ 2ది, లోహంతో చేసింది. మైకు ఉన్న కేబుల్‌తో కూడా అమ్ముతారు, ఆర్డర్ పెట్టేటప్పుడు "విత్ మైక్" అని ఉందో లేదో చూసుకోండి, రెండూ ఒకే పేజీలో ఉంటాయి. నొప్పి టిప్పు వల్లా, లేక ఇయర్‌ఫోన్ ఒంటి అంచు చెవి గుంటలో గుచ్చుకునా అన్నది ముందు తేల్చుకోండి. టిప్పు వల్లైతే స్పాంజి టిప్పులు కొని, వేళ్ళ మధ్య నలిపి సన్నగా చేసి పెట్టండి, లోపల మెల్లగా ఉబ్బుతాయి. అంచు వల్లైతే టిప్పులు మార్చి లాభం లేదు.

మేళకర్త72
క్లాసులు చెప్పేటప్పుడు రెండు చెవులూ మూసుకుంటే మన గొంతే మనకి కుండలోంచి వచ్చినట్టు ఉంటుందమ్మా, తెలియకుండా గట్టిగా మాట్లాడేస్తాం, గొంతు పోతుంది. నేను ఆన్‌లైన్ పాఠాలకి ఒక చెవి తీసేసి ఉంచుతాను. క్లాసులకే అయితే బాబాయ్ గారు చెప్పిన కేఎస్‌సీ75 లాంటిదే హాయి. చెవి లోపలికి ఏదీ వెళ్ళదు.

చిట్టిచెవులు
అది ఇక్కడ దొరుకుతుందా?

కోఠీవాలా
ఆన్‌లైన్ల అప్పుడప్పుడు వస్తది అక్కా, రేటు మాత్రం ఇరవై డాలర్ల లెక్కన ఉండదు. ఎవరన్న అమెరికా నుంచి వస్తుంటే తెప్పించుకో, జేబుల పట్టేంత ఉంటది.

డల్లాస్‌బాబాయి
సంక్రాంతికి వస్తున్నా. ఎవరెవరికి కావాలో ఇక్కడ రాసేయండి, సూట్‌కేస్‌లో పచ్చళ్ళకి తిరుగు ప్రయాణంలోనే చోటు కావాలి, వచ్చేటప్పుడు ఖాళీయే.

కొండారెడ్డిబురుజు
నాకొకటి రాసుకో బాబాయ్. నాదస్వరానికి అది ఎట్లుంటుందో చూస్తా.